పాత కొట్టం పునాది రాళ్లు

అది దుందుభి నామ సంవత్సరం, కృత్తిక కార్తె చివర. చీమలగుట్ట మీద బండలు పెనంలా కాలుతున్నాయి. అంతకు ముందు వచ్చిన గాలివానకు గుట్ట జంతువులు తలదాచుకునే కొట్టం కూలిపోయింది. కప్పు ఎగిరిపోయింది, మట్టిగోడలు కరిగిపోయాయి. పునాది మాత్రం మిగిలింది. నల్లరాతి పునాది, నేల మీదికి మోకాలెత్తున కనిపిస్తూ, ఒక్క రాయి కూడా కదలకుండా ఉంది. వానలకు ఇంకా ఇరవై రోజులే గడువు.

గుట్టకు పెద్ద ఎలుగుబంటి. అందరినీ కూర్చోబెట్టి, కొట్టం ఎలా కడదామని అడిగింది.

ముసలి ఎద్దు ముందుగా నోరు తెరిచింది. "ఇందులో అడిగేదేముంది పెద్దా? పునాది ఉంది. మట్టి తొక్కి గోడలు పెడదాం, పైన తాటాకు కప్పుదాం. ఆరు రోజుల పని. ఆ రాళ్లను గుట్ట కింద నుంచి ఈడ్చుకొచ్చింది ఈ మెడే. అవి బండ మీద కూర్చున్నాయి. నీ మనవలు కూడా వాటి మీదే కట్టుకోవచ్చు."

"ఎద్దు మావకు పాతది ఏది కనిపించినా ముద్దే," అంది నక్క. గుట్టకు పడమటి వైపు నక్కకో ఇటుక బట్టీ ఉంది. పని లేక రెండేళ్లుగా చల్లగా పడి ఉంది. "కొత్త కొట్టానికి పాత పునాదా? పెళ్లికొడుక్కి తాత చెప్పులు తొడిగినట్టుంటుంది."

"చెప్పులు సరిపోతే తొడుగుతాం. పెళ్లి ఆగుతుందా?" అంది మేక.

ఎలుగు గడ్డం గోక్కుని నక్క వైపు తిరిగింది. "అల్లుడూ, కొత్త పునాదికి ఏమేం కావాలి?"

"ఇటుకలు మావా. అవి నేను కాల్చి ఇస్తాను. నాకు కూలీ కూడా వద్దు. ఊరి పని కదా! బట్టీలోకి నాలుగు కట్టెలు ఇప్పించు, చాలు."

"ఎక్కడి కట్టెలు?" అని అడిగింది ఎద్దు.

"ఇప్పతోపులోవి. ఎండిపోయినవేలే."

తోపు మాట వినగానే ఎలుగు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫాల్గుణంలో ఇప్పపువ్వు రాలుతుంది. దాన్ని ఎండబెట్టుకుంటే ఎండాకాలమంతా గుట్ట మీద అందరికీ అదే తిండి. అందరికంటే ఎక్కువ తినేది ఎలుగే.

"తోపు జోలికి పోవద్దు. అది లేకపోతే వేసవిలో మట్టి బుక్కాలి."

"నేను అంటున్నదీ అదే," అంది ఎద్దు. "పాత పునాది వాడుకుంటే బట్టీ వెలిగించే పనే లేదు. కట్టె కాలదు, పొగ రాదు, తోపు తోపులాగే ఉంటుంది."

"పైకి బాగానే ఉంటుంది, లోపల గుల్ల అయి ఉంటే?" అంది నక్క.

ఎలుగు లేచి వెళ్లి పునాది మీదికెక్కి ధనధనమని మూడుసార్లు దూకింది. రాయి కదలలేదు. ఎలుగు కాలు బెణికింది.

"గట్టిదే," అంది కుంటుకుంటూ వచ్చి కూర్చుని.

"గట్టితనం సంగతి సరే మావా. మరి వాస్తు ఎవరైనా చూశారా?" అంది నక్క.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంతవరకు ఆ మాట ఎవరికీ తట్టలేదు. తట్టిన తరువాత ఇక వేరే మాట తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నక్క వెంట కొంగ పంతులు వచ్చింది. పునాది చుట్టూ అడుగులు కొలుచుకుంటూ తిరిగింది. ఒక మూల ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు కళ్లు మూసుకుంది.

"ఈశాన్యం జానెడు కోత పడింది."

"కోత పడితే?" అంది ఎలుగు.

"ఇంటి పెద్దకు అరిష్టం."

ఎలుగు గొంతు తగ్గించింది. "నిరుడు నాకు కోరపన్ను ఊడింది పంతులూ."

"పన్నుతో పోయింది, సంతోషించు."

"తేనెతుట్టె కోసం ఎగబాకి జారి, మూతి బండకు కొట్టుకుంటే కదా ఊడింది! అందరం చూశాం," అంది మేక.

"ఆ బండ దగ్గరికి తీసుకుపోయింది ఎవరంటావు?" అంది కొంగ. "దోషమే."

ఎద్దు ఓపిక పట్టింది. "జానెడు తగ్గితే ఆ మూల జానెడు రాయి కలుపుదాం. ఒక పూట పని."

"చచ్చినదానికి బతికినదాన్ని అతుకుతారా?" అంది కొంగ. " కొట్టం పడిపోయిన రోజునే దాని ప్రాణం పోయింది. ఇది శవం."

"శవమైతే నిన్న దాని మీద దూకిన పెద్ద కాలెందుకు బెణికింది?" అంది ఎద్దు.

జంతువులన్నీ పకపకా నవ్వాయి. ఎలుగు మాత్రం నవ్వలేదు.

"మీకేం, మీరు పెద్దలు కారు," అంది. "అరిష్టం నాకు కదా! తీసేయండి ఆ పునాది."

"మరి తోపు?" అంది ఎద్దు.

"ఎండు కట్టెలే అన్నాడుగా నక్క అల్లుడు."

పునాది పీకడం మొదలైంది. గడ్డపారలు వంగాయి కానీ రాళ్లు కదల్లేదు. చివరికి ఎద్దు మెడకే తాడు కట్టారు. తాను తెచ్చి పెట్టిన రాళ్లను తానే లాగింది. పదకొండు రోజులు పట్టింది. ప్రాణం పోయిందన్న పునాదికి గుట్ట జంతువులన్నిటి నడుములూ విరిగాయి.

"ఈ అశుభం రాళ్లు ఇక్కడ ఉండకూడదు. ఎవరు తీసుకుపోతారు?" అని అడిగింది కొంగ.

ఎవరూ ముందుకు రాలేదు.

"నేనే మోస్తాను," అంది నక్క, కళ్లు తుడుచుకుంటూ. "నాకు తగిలితే తగలనీ. ఊరు బాగుంటే చాలు."

ఎలుగు కూడా కళ్లు తుడుచుకుంది.

ఈలోగా బట్టీ వెలిగింది. ఎండు కట్టెలు ఒక్క రోజులో అయిపోయాయి. "మధ్యలో ఆపితే ఇటుకలన్నీ పాడు మావా," అంది నక్క. పచ్చి చెట్లు నరికారు. పచ్చి కట్టెకు మంట తక్కువ, పొగ ఎక్కువ. నల్లటి పొగ గుట్టను కమ్మేసింది. మబ్బు పట్టిందనుకుని నెమలి పురి విప్పి ఆడింది. ఆడి ఆడి దగ్గు వచ్చి కూర్చుంది. తేనెటీగలు తుట్టెలు వదిలి ఎటో పోయాయి.

"ఇంకెన్ని చెట్లు?" అని ఎద్దు రోజూ అడిగింది.

"ఇదే ఆఖరు," అని నక్క రోజూ చెప్పింది.

కొత్త పునాది జానెడు లేచేసరికి మృగశిర వాన దిగింది. సగం కాలిన ఇటుకలు నీళ్లు తాగి బురదలా కూర్చున్నాయి. పిల్లల్ని ముందు పెట్టుకుని, తల మీద తాటాకులు కప్పుకుని, జంతువులన్నీ నీడ వెతుక్కుంటూ పడమటి వైపుకు పోయాయి. అక్కడ బట్టీ వెనకాల కొత్త ఇల్లు ఒకటి నిలబడి ఉంది. మట్టిగోడలు, తాటాకు కప్పు. కింద మోకాలెత్తు నల్లరాతి పునాది. చూరు కింద కొంగ ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తోంది. గుమ్మంలో నక్క.

ఎలుగు ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. "ఆ రాళ్లు అశుభమన్నారు కదా అల్లుడూ!"

"నీకు అశుభం మావా. చోటు మారితే దోషం పోతుంది. కావాలంటే పంతుల్ని లేపి అడుగు."

"ఎన్ని రోజుల్లో కట్టావు?" అంది ఎద్దు.

"ఆరు. నువ్వు చెప్పిన లెక్క సరిగ్గా సరిపోయింది మావా. పాత పునాది ఉంటే పని తేలిక." నక్క తలుపు సగం వేసింది. "లోపలికి రమ్మందును కానీ, చోటు చాలదు."

వాన పెరిగింది. ఎలుగు కాసేపు తలుపు వైపు చూసి, తోపు వైపు చూసి, ఎద్దు వైపు చూడలేక తల దించుకుంది.

నిలబడి ఉన్నదాన్ని పీకేయమని చెప్పేవాడు, పీకినది ఎక్కడికి చేరాలో ముందే చూసుకుని ఉంటాడు.

చీమలగుట్ట ఇప్పతోపులో నలభై ఏడు చెట్లు ఉండేవి. ఆ బట్టీలో నలభై మూడు కాలిపోయాయి. మరుసటి ఏడు ఎలుగు వాటాకు దోసెడు పువ్వు వచ్చింది.