నోరు విప్పని కిచకిచమ్మ

అనగనగా ఒక మంచు అడవి. మనం నవంబరులో దుప్పటి ముసుగు తన్ని అబ్బో చలి అంటామే, ఆ అడవి జంతువులు వింటే పడీ పడీ నవ్వుతాయి. అక్కడ వాగు గడ్డకట్టి రాయిలా ఉంటుంది. దేవదారు కొమ్మల మీద మంచు మూటలు మూటలుగా పేరుకుంటుంది.

ఆ అడవిలో కొండవాలు పక్కన, ఒక పెద్ద దేవదారు తొర్రలో కిచకిచమ్మ అనే ఉడుత కాపురం ఉండేది. చలికాలానికి దాచుకున్న గింజలన్నీ ఆ తొర్రలోనే. ఎక్కడ ఏ అలికిడి అయినా "దాక్కోండర్రా" అని అడవి దద్దరిల్లేలా అరవడం ఆమెకు అలవాటు.

ఆ వాలు మీదే గెంతులయ్య అనే కుర్ర జింక ఆటలాడేవాడు. ఎక్కడం, నాలుగు కాళ్లూ దగ్గరపెట్టుకుని సర్రున జారడం, కింద మంచులో బోర్లా పడడం, మళ్లీ ఎక్కడం. వాడి వెనకే కుందేళ్ల గుంపు.

ఒకరోజు కిచకిచమ్మ అరిచింది. అందరూ ఆట ఆపి పొదల్లో దూరారు. తీరా చూస్తే పుల్లలేరుకునే ముసలమ్మ. మర్నాడు మళ్లీ అరిచింది. కాళ్లకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారుతున్న బడిపిల్లలు. మూడోనాడు గెంతులయ్య సగం వాలులో ఉండగా అరిచింది. వాడు కంగారుగా పల్టీలు కొట్టి ముళ్లపొదలో పడ్డాడు. ఇంతకీ జరిగింది ఏమిటంటే, మంచు బరువుకు ఓ కొమ్మ విరిగింది.

గెంతులయ్యకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నీ, నీకో దణ్ణం. ఇక నోరు విప్పనని మాట ఇస్తేనే ఈ చెట్టు మీద ఉండు. లేదంటే వేరే చెట్టు చూసుకో."

"వేటగాడు వస్తేనో, నాయనా?"

"నాకు ముక్కు లేదూ? ఎంత దూరంలో ఉన్నా వాసన పట్టేస్తాను."

కిచకిచమ్మ మనసు చివుక్కుమంది. నిండు చలికాలంలో గింజలన్నీ వదిలి ఎక్కడికని పోతుంది? "సరే, విప్పను" అంది.

నాలుగు రోజులు ఆట హాయిగా సాగింది. ఐదోరోజు పొద్దున కిచకిచమ్మ తొర్రలోంచి తల బయటపెట్టి గతుక్కుమంది. కింది కొమ్మల మధ్య చిన్న మంచె వేసుకుని ఒక వేటగాడు కూర్చున్నాడు. చేతిలో విల్లు. ఆరితేరినవాడే. గాలి వాలు మీంచి తన వైపు వీచేలా చూసుకుని మరీ ఎక్కాడు. ఇక గెంతులయ్యకు వాసన ఎలా తెలుస్తుంది?

అంతలోనే గెంతులయ్య వచ్చి, సరిగ్గా ఆ చెట్టు ముందే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. వేటగాడు బాణం ఎక్కుపెట్టాడు.

కిచకిచమ్మ ఒకసారి బాణం వైపు, ఒకసారి గెంతులయ్య వైపు చూసింది. అరుద్దామా? అరిస్తే ఈ మొండివాడు పారిపోడు. అక్కడే నిలబడి తనను తిడతాడు. ఆలోగా బాణం దిగిపోతుంది.

ఆమె నోరు గట్టిగా బిగించింది. వేటగాడి నెత్తి మీది కొమ్మకు పాకి, ఒక్కటే ఎగురు ఎగిరింది. కొమ్మ మీది మంచు మూట జారి, తిన్నగా వేటగాడి మెడ వెనక నుంచి చొక్కాలోకి దిగింది.

"అమ్మా, చచ్చాన్రో!" అని వాడు పెట్టిన కేకకు కొండ మారుమోగింది. బాణం ఎటో పోయి మంచులో గుచ్చుకుంది. గెంతులయ్య ఒక్క ఉదుటున అడవిలోకి పరుగు తీశాడు. వేటగాడు గజగజలాడుతూ చెట్టు దిగి, వేడి టీ తలుచుకుంటూ ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం గెంతులయ్య మెల్లగా వచ్చాడు.

"మాట తప్పి అరిచినా నా ప్రాణం కాపాడావు, పిన్నీ."

"నేనెక్కడ తప్పాను నాయనా? నోరు విప్పనే లేదు. అరిచింది వాడు."

గెంతులయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. "రేపట్నుంచి నీ ఇష్టమొచ్చినంత అరుచుకో. నిన్ను కసిరితే ఒట్టు" అన్నాడు.

మర్నాడు కిచకిచమ్మ అరిచింది. గెంతులయ్య మళ్లీ ముళ్లపొదలోనే పడ్డాడు.

"ఏమిటి పిన్నీ?"

"ఏం లేదు నాయనా, కాయ రాలింది."

గెంతులయ్య ఒంటికి గుచ్చుకున్న ముళ్లు దులుపుకుని, నవ్వుకుంటూ మళ్లీ వాలు ఎక్కాడు.

నీతి: మన మేలు కోరి హెచ్చరించేవాళ్లు పదిసార్లు పొరబడినా సరే, వాళ్ల నోరు మూయించకూడదు.