బోర్లించిన చెంబు

పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం మారిన ఏడాది, అందులో ఒక పాఠం హైమవతి గొంతుకి అడ్డం పడింది. పాఠమంతా కూడా కాదు, చివరి నాలుగు పేజీలు. పిల్లలు ఎలా పుడతారో చెప్పి ఊరుకోకుండా, వద్దనుకుంటే పుట్టకుండా ఏమేం చేసుకోవచ్చో బొమ్మలతో సహా వేశారు.

హైమవతి నాగావళి ఒడ్డున అలివేలమ్మగారి ఆశ్రమంలో పెరిగింది. అక్కడి ఆడపిల్లల బడిలోనే చదువుకుని, అక్కడే సైన్సు టీచరయింది. ఆమె చదువుకునే రోజుల్లో ఈ తంటా లేదు. అలాంటి పాఠం రాగానే అప్పటి టీచరుగారు కళ్లజోడు సర్దుకుని, "ఇది ఇంట్లో చదువుకోండి" అని ముందుకి వెళ్లిపోయేవారు. పుస్తకాలన్నీ ఒక్కసారే పేజీ తిరిగిన చప్పుడు, ఆ వెంటనే వెనక బెంచీలో కిసుక్కుమన్న నవ్వు, హైమవతికి ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఇంట్లో ఎవరూ చదువుకోలేదు. అయినా ఎవరికి ఏమైంది అని ఆమె ధీమా.

తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడారు. సగం మంది చెప్పాలన్నారు, సగం మంది వద్దన్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నవాడు గున్నయ్య. అతని కూతురు సుకన్య బడిలో ముందు బెంచీ పిల్ల, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. చదువు చాలించి సంబంధం చూద్దామా అని అప్పటికే ఇంట్లో అనుకుంటున్నారు. ఆ పేజీలు తెరిస్తే మర్నాడే పిల్లని మాన్పించేస్తానన్నాడు. ఎలాగూ పరీక్షలో రాని ముక్కకి ఇంత రభస దేనికని కూడా అడిగాడు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు పైడితల్లి చీర కొంగు బిగించి లేచింది. "పరీక్షలో రాదేమో గానీ గున్నయ్య మావా, నా సెంటర్‌కి వస్తాది. అప్పుడు నువ్వే తెస్తావు, రిక్షాలో."

అందరూ నవ్వారు. గున్నయ్య నవ్వలేదు.

ఏటూ తేలక అందరూ అలివేలమ్మగారి వైపు చూశారు. ఎనభై దాటిన మనిషి. చూపు ఆనదు, తెల్లచీర, మెడలో తులసిపూసలు. ఆశ్రమంలో అందరికీ ఆవిడ అమ్మ. "పాఠం చెప్పేది హైమ కదా. దాన్నే తేల్చుకోనివ్వండి" అని లేచి వెళ్లిపోయారు.

హైమవతి తేల్చుకుంది. ముప్పై రెండు పుస్తకాలూ తెప్పించుకుని, ఆ నాలుగు పేజీల్నీ సూదీ తెల్లదారంతో అంచుల వెంబడి కుట్టేసింది. సన్నటి కుట్టు, చీర కొంగుకి వేసేలాంటిది. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నదే. ముప్పై ఒకటి పిల్లలకి తిరిగి ఇచ్చేసింది. తన పుస్తకం మాత్రం అమ్మకి చూపించాలని ఉంచుకుంది. చింపలేదు, మసి పూయలేదు, ఎవరి మనసూ నొప్పించలేదు. మెచ్చుకుంటారనుకుంది.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారాలు పూజ సామాను తోమే వంతు హైమవతిది, పన్నెండో ఏటి నుంచీ. చింతపండు నానేసి, ముగ్గుపిండి కలిపి, దీపపు కుందులూ హారతిపళ్లెమూ తోమి, చివరికి చిన్న ఇత్తడి చెంబు తోమేది. ఆ చెంబు సంగతి ఎవరికీ తెలియదు. బంగారంలా మెరిసిపోయేది గానీ దానితో ఎవరూ నీళ్లు ముంచగా చూడలేదు. తోమడం, తుడవడం, గూట్లో బోర్లించడం. అమ్మకి వాళ్ల గురువుగారు ఇచ్చి ఉంటారని పిల్లలు చెప్పుకునేవారు. ఆ చెంబు తోమే వంతు తనదైనందుకు హైమవతికి చిన్నప్పుడు ఎంత గర్వమో.

తోమిన సామానంతా గూట్లో సర్ది, పుస్తకం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కుట్టు మీద వేలు పోనిచ్చారు, ఈ చివర నుంచి ఆ చివరికి.

"బాగా కుట్టావు" అన్నారు.

హైమవతి ముఖం విప్పారింది. ఇక మనసులో ఉన్నదంతా చెప్పుకొచ్చింది. మన ఆడవాళ్లు ఇవన్నీ పుస్తకాల్లో చదివారా, బొమ్మలు చూశారా. వయసొచ్చినప్పుడు పెద్దవాళ్లే మర్యాదగా, మాటల్లో మాటగా చెప్పేసేవారు. కడుపుతో ఉందని అనడానికి కూడా నోరు రాక, నీళ్లు పోసుకుంది అనేవారు. "ఎంత అందమైన మాట అమ్మా. ఆ పుస్తకంలో అలాంటి మాట ఒక్కటి లేదు."

ఏటి వైపు నుంచి గాలి వస్తోంది. గూట్లో దీపం ఒకసారి వంగి లేచింది.

"ఆ చెంబు ఇలా తే" అన్నారు అమ్మ.

తెచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు, పసిబిడ్డని పెట్టుకున్నట్టు.

"మా అప్పది ఇది" అన్నారు. అక్కని వాళ్లు అప్ప అనేవారట.

అప్ప పేరు సుభద్ర. చెల్లెలికి తొమ్మిదేళ్లప్పుడు తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. మోకాళ్ల దాకా జుట్టు. కుంకుడుకాయ నురగ కళ్లలో పడితే చెల్లెలి మీద నీళ్లు చిమ్మి నవ్వే మనిషి. తలంటు అంటే ప్రాణం. ఆ చెంబు కాపురానికి వెళ్లేటప్పుడు తండ్రి కొనిపెట్టినది. కానుపు కష్టమైంది. బిడ్డ దక్కింది, తల్లి అంతంత మాత్రంగా దక్కింది. మంత్రసాని వెళ్లిపోతూ వాళ్లమ్మతో, రెండేళ్ల దాకా ఈ పిల్ల నీళ్లు పోసుకోకూడదు, పోసుకుంటే నా చేతిలో లేదు అని చెప్పింది. వాళ్లమ్మ గడప అవతల నిలబడి, పక్కకి చూస్తూ, ఆ మాటే కూతురికి అప్పజెప్పింది. అంతకంటే విడమరిచి చెప్పడానికి సిగ్గు.

"బాలింతకి నీళ్లు పోసే రోజులు కదా హైమా. అప్ప ఆ నీళ్లే అనుకుంది."

చెంబు పెట్టెలో పెట్టేసిందట. పురుడు వెళ్లిన నాడు వాళ్లమ్మ పోసిన నీళ్లే ఆఖరు. అత్తవారింటికి వెళ్లాక కూడా అంతే. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. దీపావళికి పుట్టింటికి వచ్చినప్పుడు తెల్లారకుండానే ఇంటిల్లిపాదీ తలంటుకుంటుంటే, తను నూనె రాసుకున్న జుట్టుతో అరుగు మీద కూర్చుంది. కాకి కూడా స్నానం చేస్తుంది, నువ్వు చెయ్యవా అని చెల్లెలు వెక్కిరించింది. అమ్మ వద్దంది, నీకేం తెలుసు అని అప్ప నవ్వేసింది. కూతురికి నలతగా ఉందేమోనని వాళ్లమ్మ అనుకుంది గానీ, ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడు దీపావళీ దాటి, రథసప్తమి వెళ్లాక అప్ప బండి దిగింది. ఎనిమిదో నెల.

అలివేలమ్మగారు చెంబుని రెండు చేతులా పట్టుకున్నారు. "మా అమ్మ గుండెలు బాదుకుంది. నీకు చెప్పానా లేదా అని అడిగింది. అప్ప భయపడిపోయి, పెట్టె తెరిచి ఈ చెంబు తీసి చూపించింది. లోపల అంతా చిలుం పట్టింది. 'ఒట్టమ్మా, ఒక్క చెంబు కూడా పోసుకోలేదు' అంది."

తర్వాత ఏమైందో అమ్మ చెప్పలేదు. తమ తల్లి బతికినన్నాళ్లు ప్రతి శుక్రవారం ఆ చెంబు తోమి బోర్లించేదని, ఆవిడ తర్వాత అది తనకి వచ్చిందని మాత్రం అన్నారు.

ఒళ్లోంచి చెంబు తీసి హైమవతి చేతుల్లో పెట్టారు.

"రేపు బడికి పట్టుకెళ్లు."

"పిల్లలకి ఏం చెప్పమంటారమ్మా?"

"ఏమీ చెప్పకు. నీ అందమైన మాట ఉందే, దానికి అర్థమేంటో అడుగు."

మర్నాడు హైమవతి చెంబుని బల్ల మీద పెట్టింది. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నీళ్లు పోసుకోవడం అంటే ఏంటని అడిగింది. వెనక బెంచీలో కిసుక్కుమంది. మధ్య బెంచీలు తలలు దించుకున్నాయి. ముందు బెంచీలో సుకన్య, చెంబు వైపు చూసి, తెలిసిన ప్రశ్న వచ్చినందుకు సంతోషంగా లేచి నిలబడింది.

"స్నానం టీచర్."

వెనక నవ్వు పెద్దదయింది. సుకన్య అయోమయంగా చుట్టూ చూసి, తప్పా టీచర్ అని మెల్లిగా అడిగింది.

హైమవతి సంచీలోంచి కత్తెర తీసి సుకన్య పక్కన కూర్చుంది. పిల్ల పుస్తకం తన ముందుకి లాక్కుని, మొదటి కుట్టు తెంపింది. నవ్వు ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కళ్లే పుస్తకాలు పట్టుకుని వచ్చారు.

ఆ సాయంత్రం చెంబు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ అందులో చెయ్యి పెట్టి తడిమారు. నిండా దారాలు.

"రేపు గున్నయ్య వస్తాడమ్మా" అంది హైమవతి.

"రానీ. నా దగ్గరికి పంపు."

దారాలన్నీ పిడికిలితో తీసి పక్కన పెట్టి, చెంబుని నిటారుగా పట్టుకుని అందించారు.

"నీళ్లు పట్టు తల్లీ. తులసికి పోద్దాం."