కోటిలింగం చావు ముందుగా ఎవరికి తెలిసింది?

అనగనగా అంటూ సాగదీసే ఓపిక నాకు లేదు. ఒకానొక రాజ్యం, దాని పేరు చిత్రగిరి. పేరుతో పనేముంది అనకండి, చెప్పకపోతే మధ్యలో మీరే అడుగుతారు.

ఆ రాజ్యాన్ని భైరవమల్లుడనే రాజు ఏలేవాడు. మరీ చెడ్డవాడేం కాదు. కాకపోతే ఈ భూమ్మీద తనకు తెలియనిదంటూ లేదని ఆయన నమ్మకం. వంటవాడికి పులుసులో ఉప్పు గురించి చెప్పేవాడు. మావటివాడికి ఏనుగు కడుపునొప్పి గురించి చెప్పేవాడు. పురోహితుడికి తద్దినం ఎలా పెట్టాలో చెప్పేవాడు. అందరూ చిత్తం, చిత్తం అనేవారు. అనక చస్తారా?

పట్టం కట్టుకుని పాతికేళ్ళు నిండాయని రాజుగారు తనకు తానే ‘సర్వజ్ఞ’ అనే బిరుదు ఇచ్చుకున్నారు. దానికి మూడు రోజుల ఉత్సవం. ఊరంతా తోరణాలు, ప్రతి వాకిట్లో ముగ్గు, అందరికన్నా బాగా పెట్టిన ఇల్లాలికి బహుమానం. వీటితో పాటు ఒక దండోరా కూడా వేయించారు.

“ఉత్సవం నడిచినన్నాళ్ళూ నగరంలో మైల ఉండరాదహో! ఏ ఇంట చావు జరిగినా తక్షణం తలారికి చెప్పాలహో! శవాన్ని తలారులే కోట వెనక గోతిలో పూడుస్తారహో! ఇంటివాళ్ళు ఉత్సవం అయ్యేదాకా ఊరి బయట ఉండాలహో! చావు సంగతి తెలిసీ చెప్పనివాళ్ళు, ఎంతటివారైనా సరే, ఇల్లు జప్తు, దేశబహిష్కారమహో!”

యముడికి కూడా సెలవిచ్చేశారన్నమాట. ఏం చెప్పమంటారు.

మూడు రోజులూ కవులు లేచి పొగిడారు, నర్తకులు ఆడారు, రాజు ఏనుగెక్కి ఊరేగాడు. మూడో రోజు సాయంత్రానికి ఆయనకు ఇంకా తనివి తీరలేదు. పొగడ్త పాయసం లాంటిది, గిన్నె ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు. ఐదు రోజులు చేద్దామన్నాడు. ఐదో రోజున, కాదు, తొమ్మిది రోజులు చేద్దామన్నాడు. ఎలాగైతేనేం, తొమ్మిదో రోజుకు కవుల గొంతులు పోయి ఉత్సవం ముగిసింది.

మర్నాడు ముగ్గు బహుమానం ప్రకటించారు. దువ్వెనల వీధిలో ఉండే నాంచారమ్మకు వచ్చింది. ఆవిడ మొగుడు కోటిలింగం కొమ్ము దువ్వెనలు చేసి అమ్ముకునేవాడు. పిల్లాజెల్లా లేరు. కొన్నేళ్ళుగా అతనికి దగ్గు, మనిషి మంచం దిగడం మానేశాడు.

రాజభటులు మేళతాళాలతో ఆ ఇంటికి వెళ్ళారు. చిత్రగిరిలో ఒక ఆచారం ఉంది. ముగ్గు పెట్టేది ఆడది, బహుమానం పుచ్చుకునేది ఇంటి యజమాని. పళ్ళెం మగవాడి చేతికే ఇవ్వాలి.

“ఆయనకి ఒంట్లో బాగాలేదు నాయనా. నా చేతికి ఇచ్చి వెళ్ళండి,” అంది నాంచారమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“అలా కుదరదమ్మా. మంచం మీదున్నా సరే, ఆయన చెయ్యి తగిలించి వెళ్తాం,” అని భటులు లోపలికి తోసుకుపోయారు.

నడింట్లో ఉప్పు పరుపు మీద, వేపమండల కింద, సాంబ్రాణి పొగ మధ్య కోటిలింగం ఉన్నాడు. పోయి చాలా రోజులైంది. చలికాలం కాబట్టి సరిపోయింది.

ఇక చూడండి ఊరి సంబరం. ఉత్సవం అయిపోయిందే అని దిగులుగా ఉన్న జనానికి ఇంకో ఉత్సవం దొరికింది. విషం పెట్టిందని ఒకరు, గోడలో దాచిన బంగారం కోసం పీక నులిమిందని ఒకరు, శవాన్ని ముందు పెట్టుకుని క్షుద్రసాధన చేస్తోందని ఒకరు. “మొగుడి శవాన్ని ఇంట్లో పెట్టుకుని వాకిట్లో ముగ్గులేసిందటమ్మా, అది ఆడదా, రాకాసా!” అని నూతి దగ్గర బుగ్గలు నొక్కుకున్నారు. ఒకప్పుడు ఆవిడ దగ్గర అప్పుకు దువ్వెన తెచ్చుకున్నవాళ్ళే వీళ్ళంతా. నాకైతే వినీ వినీ రోత పుట్టింది.

రాజుగారు శవమున్న ఇంటికి ముద్ర వేయించారు. నిజం తేలేదాకా దహనం లేదన్నారు. నాంచారమ్మను కోట ముందర అరుగు మీద కూర్చోబెట్టారు. ఆవిడ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. వచ్చినవాళ్ళందరితోనూ ఒకటే మాట అనేది.

“నా మనిషిని నాకిచ్చెయ్యండి. ఆయన్ని సాగనంపుకుంటాను. ఆ తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోండి.”

కొలువులో జగ్గప్ప అనే ముసలి విదూషకుడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళుగా రాజును నవ్విస్తున్నాడు. నవ్వించి నవ్వించి అతనికి నవ్వు రావడం ఆగిపోయింది. ఆ వేళ మోకాళ్ళకు ఆముదం రాసుకుని ఎండలో కూర్చుంటే కబురొచ్చింది. గొణుక్కుంటూ లేచాడు. కోట ముందు నాంచారమ్మ కనబడితే ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ తన మాటే మళ్ళీ అంది. జగ్గప్ప అది విని లోపలికి నడిచాడు.

“ఏమోయ్ జగ్గప్పా!” అన్నాడు రాజు. “ఈ ముసలిది మొగుణ్ణి చంపింది. అది తేలిపోయిన సంగతే. ఎలా చంపిందన్నదే తగువు. సభలో తలో మాటా చెబుతున్నారు. పొద్దుగూకేలోగా ఏది నిజమో తేల్చు. తేల్చేటప్పుడు కాస్త వినోదంగా కూడా ఉండాలి సుమా.”

“చిత్తం మహాప్రభూ. నాకు నాలుగు ప్రశ్నలు అడిగే ఓపిక లేదు. ఒక్కటే అడుగుతాను. కోటిలింగం చావు ఎవరికి ఎప్పుడు తెలిసింది? అందరికన్నా ముందు పసిగట్టినవారికే లోతు తెలిసి ఉంటుంది కదా. వారి మాటే నిజమని తీసుకుందాం.”

రాజుకు పోటీలంటే ప్రాణం. “భేష్! ముందు పసిగట్టినవారికి మా మెడలోని ముత్యాలహారం!” అన్నాడు.

హారం అనేసరికి సభలో కదలిక వచ్చింది. సాక్ష్యానికి తెచ్చిన పక్కింటి సీతాలు అందరికన్నా ముందు లేచింది.

“నాకు ఏడో రోజునే తెలిసిపోయింది దొరా! ఒకటే సాంబ్రాణి పొగ. ముసలాడి దగ్గు వినబడ్డం మానేసింది. ఇంకేముంది, విషం పెట్టేసిందనుకున్నా!”

మంత్రి వల్లభయ్య చిన్నగా నవ్వాడు. “ఏడో రోజా? నాకు ఐదో రోజునే తెలుసు. ఈవిడ బండెడు ఉప్పు కొన్నదని అంగడివాడు చెప్పాడు. ఈ చలికాలంలో ఆవకాయ పెడుతుందా? బంగారం కోసం చంపి ఉప్పులో పాతిపెట్టిందని అప్పుడే గ్రహించాను.”

ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజులు ఉత్తరీయం సర్దుకున్నాడు. “మూడో రోజున గ్రహాలు చూస్తే ఆ వీధిలో శవమూ, క్షుద్రసాధనా స్పష్టంగా కనబడ్డాయి.”

“అబ్బే, ఇప్పుడు గుర్తొస్తోంది, ఉప్పు కొన్నది రెండో రోజున,” అన్నాడు మంత్రి.

“ఆ మాటకొస్తే దగ్గు ఆగింది కూడా రెండో రోజు పొద్దున్నే!” అంది సీతాలు.

“అతడు పోకముందే పోతాడని నాకు తెలుసు,” అన్నాడు సోమయాజులు.

సంతలో గేదె బేరంలా ఉంది వ్యవహారం. జగ్గప్ప ఎవరికీ అడ్డు చెప్పలేదు. “ఆహా, అంత ముందుగానా!” అంటూ స్తంభానికి ఆనుకుని వింటున్నాడు. ఓరకంట మాత్రం సింహాసనాన్నే చూస్తున్నాడు. అక్కడ రాజుగారు కూర్చోలేకపోతున్నారు. సర్వజ్ఞుడికి తెలియని సంగతి పక్కింటి సీతాలుకు తెలియడమేమిటి? అరికాలి మంట నెత్తికెక్కింది.

“చాలించండి!” అని గర్జించాడు. “మీ అందరికన్నా ముందు మాకు తెలుసు. ఆ ముసలివాడు పోయిన ఘడియలోనే తెలుసు. రెండో రోజు ఊరేగింపులో ఏనుగు మీదనుంచి ఈవిడ ముఖం చూశాం. చూడగానే ఇంట్లో శవం ఉందని పోల్చుకున్నాం. మమ్మల్ని సర్వజ్ఞులని ఊరికే అంటున్నారా?”

సభంతా చప్పట్లు కొట్టింది.

“అయితే హారం తమరిదే మహాప్రభూ,” అన్నాడు జగ్గప్ప. తర్వాత ద్వారం దగ్గర నిలబడ్డ దండోరా చెన్నణ్ణి పిలిచాడు. “ఒరేయ్ చెన్నా, ఉత్సవం దండోరా ఇంకోసారి వెయ్యరా. మొత్తం అక్కర్లేదు, ఆఖరి ముక్క చాలు.”

చెన్నడు డప్పు మీద దెబ్బ వేసి ఎత్తుకున్నాడు. “చావు సంగతి తెలిసీ చెప్పనివాళ్ళు, ఎంతటివారైనా సరే, ఇల్లు జప్తు, దేశబహిష్కారమహో!”

అంతే, సీతాలు ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

“నాకేం తెలుసు దొరా! పిల్లల తల్లిని! ఏదో అనుకున్నా, అంతే!”

“అంటే విషం?” అన్నాడు జగ్గప్ప.

“నేనేం చూళ్ళేదు! నోటికొచ్చింది వాగాను!”

“మంత్రిగారూ, తమరి బంగారం?”

వల్లభయ్య గొంతు సవరించుకున్నాడు. “ఉప్పు సంగతి నాకు చెప్పింది నిన్ననే. బంగారం, అది కేవలం ఒక ఊహ.”

“సోమయాజులుగారూ?”

“గ్రహాలు సూచిస్తాయి నాయనా, రూఢిగా చెప్పవు.”

“బాగుంది. ఎవరికీ ఏమీ తెలియదన్నమాట. ఈ ఊళ్ళో ఇన్నాళ్ళూ నడిచిన హత్య అంతా నోళ్ళలోనే జరిగింది.” జగ్గప్ప మోకాళ్ళు పట్టుకుని మెల్లగా సింహాసనం వైపు తిరిగాడు. “ఇక మిగిలింది తమరు మహాప్రభూ. తెలుసునంటే తమరి శాసనం ప్రకారం ఈ కోట జప్తు చేసి, తమర్ని పొలిమేర దాటించాలి. అంత దూరం నడవడానికి నా కాళ్ళు ఒప్పుకోవు. తెలియదంటే ఆ బిరుదు వదులుకోవాలి. రెంటిలో ఏదో ఒకటి సెలవియ్యండి. బయట ఒక ముసలావిడ పొద్దుట్నుంచీ కూర్చుని ఉంది.”

రాజు కళ్ళెర్రజేశాడు. మీసం మీద చెయ్యి వేశాడు. మంత్రి వైపు చూస్తే మంత్రి నేల చూపులు చూస్తున్నాడు. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలి? శాసనమూ తనదే, గొప్పలూ తనవే. చివరకు ఆయన పొట్ట కదలడం మొదలైంది. పక్కున నవ్వేశాడు.

“మాకూ తెలియదోయ్ జగ్గప్పా! ఏనుగు మీదనుంచి ముఖాలు కనబడతాయా ఎక్కడైనా? అంతా తలపాగాలే!”

పాతికేళ్ళలో ఆయన నోట తెలియదన్న మాట రావడం అదే మొదలు. సభ కూడా హమ్మయ్య అని నవ్వింది. రాజు హారం తీసి జగ్గప్ప మెడలో వేశాడు. “ఇంకేం కావాలో కోరుకో,” అన్నాడు.

“ఆవిడ మనిషిని ఆవిడకు ఇప్పించండి. వెలుగుండగానే.”

“ఇచ్చాం!”

వల్లభయ్య ఊరుకుంటాడా? పోయిన పరువు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. “మహాప్రభూ, మాకెవరికీ తెలియకపోవచ్చు. ఆమెకైతే తెలుసు. తెలిసీ చెప్పలేదు. శాసనం శాసనమే,” అన్నాడు.

దానికి జగ్గప్ప దగ్గర చమత్కారమేమీ లేదు. ఆ మాట నిజమే మరి.

నాంచారమ్మను లోపలికి పిలిపించారు. రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “ఏమమ్మా, అసలేం జరిగింది? ఎందుకు దాచావు?”

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని ఆయన వంక చూసింది. “ఇన్నాళ్ళకు నన్ను అడిగారా మారాజా. ఏం జరుగుతుంది, ముసలాడు, దగ్గి దగ్గి పోయాడు. పండగ రెండో రోజు తెల్లారగట్ల. దండోరా ఆయన చెవిని కూడా పడింది. ‘నన్ను గోతిలో వెయ్యనివ్వకే’ అన్నాడు. సరేనన్నాను. మూడు రోజుల పండగే కదా, రెండు రోజులు ఓర్చుకుంటే నా చేతులతో సాగనంపుకోవచ్చనుకున్నాను. తమరు ఐదు రోజులన్నారు. పోనీలే అనుకున్నాను. ఆనక తొమ్మిదన్నారు.”

తప్పు పట్టినట్టుగా కూడా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. రాజు ముఖాన నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

“అన్ని రాత్రులు శవం పక్కన ఒక్కదానివే,” అన్నాడు గొంతు తగ్గించి. “భయం వెయ్యలేదా అమ్మా?”

“ఆయనంటే భయమేంటి మారాజా, నా మొగుడు. మీ డప్పు మోగినప్పుడల్లా భయమేసేది, మళ్ళీ ఎన్నాళ్ళు పెంచారోనని.”

భైరవమల్లుడు సింహాసనం దిగి ద్వారం దాకా నడిచాడు. చెన్నడి మెడలోంచి డప్పు తన చేతులతోనే తీసి నేల మీద పెట్టాడు. పక్కకు జరిగి నాంచారమ్మకు దారి ఇచ్చాడు.