ఆగి వినే మేళం

అనగనగా, మంచు దట్టంగా కురిసే ఒక అడవిలో ఒక భజన మేళం ఉండేది. ఏదీ, మీరూ ఒక్కసారి "గోవిందా" అనండి! ఆఁ, అలా ఉంటుంది వాళ్ళ గొంతు.

గోరింక మంగతాయి ముందు పాడేది. ఎలుగు గంగులమ్మవ్వ డోలు కొట్టేది. ఉడుతలు వంత పాడేవి. అందరికంటే వెనక ముంగిస పిచ్చయ్య బాబాయి తాళాలు పట్టుకుని నడిచేవాడు. పాపం, ఆయనకి చూపు ఆనదు. పాట ఎటు వినిపిస్తే అటే నడక.

ఆ మేళానికి ఒక పద్ధతి ఉంది. ఒక్కో చరణం కాగానే అందరూ ఆగుతారు. వెనక నుంచి పిచ్చయ్య తాళం "టింగ్" మంటుంది. అది విన్నాకే మళ్ళీ అడుగు వేస్తారు. అందుకే దాని పేరు 'ఆగి వినే మేళం'.

ఒక మార్గశిర మాసపు ఉదయం వాళ్ళు కొండ మీది నరసింహస్వామి దగ్గరికి బయల్దేరారు. దారిలో ఒక కాకి నవ్వింది.

"ఆగి వినే మేళమా? మీరు పాడటానికి వెళ్తున్నారా, బస్సు కోసం చూస్తున్నారా?"

మంగతాయికి తల కొట్టేసినట్టయింది.

"అవ్వా, ఈ పేరు వద్దు. ఇవాళ్టి నుంచి మనది 'మెరుపు మేళం'. ఆగేది లేదు, హారతి వేళకి కొండెక్కాలి!" అంది.

"పేరు మారిస్తే మార్చావు గానీ, ఆగడం మానకమ్మాయ్. అదెందుకు పెట్టారంటే..."

"పాత కథలు తర్వాత చెబుదువుగానిలే అవ్వా!"

మొదటి చరణం అయింది. ఆగలేదు. రెండోది అయింది. ఆగలేదు. డోలు జోరందుకుంది. మూడోది అయ్యాక ఒక ఉడుత వెనక్కి తిరిగి చూసింది.

"పిచ్చయ్య బాబాయి ఏడీ?"

వెనక మంచు తప్ప ఏమీ లేదు. ఆ దారికి ఒక పక్క లోయ. మంగతాయి ఎగిరి చూసింది. అంతా తెల్లగా ఉంది. "బాబాయ్! బాబాయ్!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"అందరూ అరిస్తే ఆయనకి దారెలా తెలుస్తుంది? ఆయన పలికితే మనకెలా వినిపిస్తుంది?" అని గంగులమ్మ కసిరింది. "అమ్మాయ్, నువ్వొక్కదానివే పాడు. ఒక్క పాదం. తర్వాత ఆగు."

మంగతాయి పాడి ఆగింది. ఏమీ లేదు. వెనక్కి నడిచి మళ్ళీ పాడి ఆగింది. ఏమీ లేదు. ఇంకాస్త దూరం నడిచింది. "స్వామీ, నాకు హారతి వద్దు, మా బాబాయిని ఇప్పించు" అనుకుంటూ మూడోసారి పాడి ఊపిరి బిగబట్టింది.

"టింగ్..."

లోయ అంచున ఒక వేరుని కరిచి పట్టుకుని ఉన్నాడు పిచ్చయ్య! గంగులమ్మ పైకి లాగింది. మంగతాయి ఆయన మీద వాలి భోరుమంది.

"ఊరుకోవే పిచ్చిదానా. ఎప్పటికైనా ఆగుతారని నాకు తెలుసు. కాకపోతే ఇవాళ కాస్త ఆలస్యమైంది" అన్నాడాయన.

గంగులమ్మ చెమర్చిన కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ ఈ మేళం కట్టిన కొత్తలో, చివర నడిచే దుప్పి ఈ దారిలోనే తప్పిపోయిందమ్మా. ఎక్కడ తప్పిందో కూడా పాడేవాళ్ళకి తెలియలేదు. అది మళ్ళీ రాలేదు. అందుకే అమ్మ ఆ పేరు పెట్టింది."

ఈసారి మంగతాయి ప్రతి చరణానికీ ఆగుతూ కొండెక్కింది. అప్పటికే హారతి అయిపోయింది.

"ఇంత ఆలస్యమా! ఏ మేళమమ్మా మీది?" అని పూజారి కొండముచ్చు అడిగాడు.

"చెబుతాను స్వామీ, కాస్త ఆగండి. మా బాబాయి ఇంకా మెట్లెక్కుతున్నాడు" అంది మంగతాయి.

నీతి: నలుగురితో కలిసి నడిచేటప్పుడు వెనకున్నవాళ్ళ కోసం ఆగాలి. ఆ కాస్త ఆలస్యాన్ని దేవుడు తప్పు పట్టడు.