పరుగుబండికి వెనక పీట

జమీందారు జగ్గరాజు కొత్తగా గుర్రాల పరుగుబండి కొన్నాడు. దానికి ముందుగా ఏం బిగించాలో చెప్పమని ఊరివాళ్లని దివాణానికి పిలిపించాడు. ఒకడు వెండి గంటలన్నాడు, ఇంకొకడు పట్టు గొడుగన్నాడు. చాపలల్లే నూకాలు చివర్న లేచింది.

"వెనక్కి తిరిగి కూర్చునే పీట వేయించండి బాబూ."

జమీందారు నవ్వాడు. "నేను వెనక్కి చూడ్డమెందుకే?"

"తమరి పాత బండి కింద పడి మా ఆయన పోయాడు. ముందు నడుస్తున్న మనిషి కనబడలేదని తమరు పంచాయతీలో చెప్పారు, అందరూ నమ్మారు. ఈ బండి ఇంకా వేగం కదా. పీట ఉంటే వెనక పడున్నవాళ్లయినా కనబడతారు."

బిగించే పనికి పిలిపించిన వడ్రంగి, జమీందారు వైపు చూడకుండా, పీట వెడల్పెంత ఉండాలని నూకాలునే అడిగాడు.