చిన్న బటన్ ముహూర్తం

నిడదవోలులో కంప్యూటర్లు బిగించే వీరభద్రాచారి గారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పరు, చేతికి ఒక పని ఇస్తారు. పని ముగించుకొచ్చాక ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు చూద్దామంటారు. చాలామందికి మిగలదు. కొందరైతే పని మధ్యలోనే వదిలేసి, మళ్లీ ఆ వీధి మొహం చూడరు.

ఆయన దగ్గర నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్న తాతాజీ అలా వదిలేసే రకం కాదు. ముప్పై ఒక్కేళ్ల మనిషి, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సొంతంగా కొట్టు పెట్టుకోవాలని ఆరాటం. 'తాతాజీ కంప్యూటర్స్' అని ఫ్లెక్సు కూడా కొట్టించి మంచం కింద దాచుకున్నాడు. కాని ఆ బజారులో ఒక కట్టుబాటుంది. "వీడికి పని వచ్చింది" అని ఆచారి గారు తన నోటితో అంటే తప్ప ఎవరూ ఎవరికీ మిషన్ అప్పగించరు. ఆయన నోరేమో టీ తాగడానికి తప్ప సులువుగా తెరుచుకోదు.

ఒక రోజు పొద్దున్నే ఆచారి గారు బ్రష్షుతో ఒక పాత మదర్‌బోర్డు దుమ్ము దులుపుతుంటే, తాతాజీ గొంతు సవరించుకుని అడిగేశాడు.

"గురువు గారూ, మనిషికి పని వచ్చిందని ఎప్పుడు తెలుస్తుందండీ?"

ఆచారి గారు దులపడం ఆపలేదు. మంగతాయారు గారు కొత్త మిషన్ కావాలన్నారని, అది మొదటి నుంచి చివరి దాకా తాతాజీనే బిగించాలని, తాను ముట్టుకోనూ చూడనూ అని చెప్పారు. అక్కడ ఒక్క నొక్కుకే వెలిగితే, కొట్టు సంగతి మాట్లాడుకుందామన్నారు.

మంగతాయారు గారిది రైల్వే గేటు పక్కన ఫ్లెక్సులు అచ్చేసే దుకాణం. ఊళ్లో పుట్టినరోజైనా, చావైనా, ఎన్నికైనా ఆవిడ చేతి మీదుగానే గోడకెక్కాలి. మాట ఖచ్చితం, భక్తి అంతకన్నా ఖచ్చితం. బుధవారం పది నలభై రెండుకి ముహూర్తం పెట్టించానని, అప్పటిదాకా ఆ మిషన్‌లోకి చుక్క కరెంటు పోకూడదని ఆవిడ షరతు పెట్టింది. బిగించగానే ఒకసారి వెలిగించి చూసుకోవడం తమ పద్ధతని తాతాజీ నసిగాడు.

"ఏం బాబూ, ముహూర్తానికి ముందే కాపురం పెట్టించి చూసుకుంటారా మీ ఇళ్లల్లో?" అందావిడ. తాతాజీ సరేనని తలూపి వచ్చేశాడు.

మంగళవారం పొద్దున కూర్చుని సాయంత్రం దాకా బిగించాడు. ఎంత బాగా బిగించాడో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ప్రాసెసర్ మూలనున్న బంగారు చుక్కని బోర్డు మీది చుక్కతో కలిపి, ఊపిరి బిగబట్టి దించాడు. దాని నెత్తిన శనగగింజంత పేస్టు పెట్టి ఫ్యాను కూర్చోబెట్టాడు. ర్యామ్ రెండు వైపులా టక్కుమని పట్టుకునే దాకా నొక్కాడు. బోర్డుని కేబినెట్‌లోకి దించి తొమ్మిది స్క్రూలూ ఒకే బిగువులో తిప్పాడు. పవర్ సప్లై నుంచి వచ్చే లావు వైర్లను వెనక నుంచి తిప్పి, పెళ్లికూతురి జడంత నున్నగా కట్టాడు. అసలు ఆ మధ్యాహ్నం నుంచి అతని ధ్యాసంతా ఆ జడ మీదే ఉంది.

చివర్లో మిగిలినవి కేబినెట్ ముందు బటన్ల నుంచి వచ్చే సన్న వైర్లు. పెద్ద బటన్ మిషన్‌ని లేపేది. దాని కిందే ఉన్న చిన్న బటన్, నడుస్తున్న మిషన్ మొరాయిస్తే మళ్లీ మొదటి నుంచి నడిపించేది. రెండింటి ప్లగ్గులూ బియ్యపుగింజలకన్నా కాస్త పెద్దవి, అచ్చంగా ఒకేలా ఉంటాయి. వాటి మీద అక్షరాలు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. బోర్డు మూలన వాటి సూదుల వరస ఉంటుంది. ఇక్కడికొచ్చేసరికి గురువు గారు భూతద్దం తీస్తారు. తాతాజీకి కళ్లు బాగానే కనబడతాయి కాబట్టి తీయలేదు. చిటికెలో రెండూ గుచ్చి, మూత బిగించి, తన జడని కేబినెట్ పక్క అద్దంలోంచి ఇంకోసారి చూసుకుని మురిశాడు.

బుధవారం మంగతాయారు గారి దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. బజారు పెద్దలు, బంధువులు, ఎదురుగా చీరల కొట్టాయన, అందరూ వచ్చారు. కేబినెట్‌కి పసుపు రాశారు, ముందు నిమ్మకాయలు పెట్టారు, మెడ లేదు కాబట్టి దండ మానిటర్‌కి వేశారు. పక్కనే ఆపరేటర్ చిట్టెమ్మ కొత్త చీర కట్టుకుని, రేపటి నుంచి తాను పనిచేయబోయే మిషన్ వంక ఆశగా చూస్తోంది. ఆచారి గారు మాత్రం చెప్పినట్టే రాలేదు. పురోహితుడు గడియారం చూసి తలాడించగానే మంగతాయారు గారు కళ్లు మూసుకుని, దండం పెట్టుకుని పెద్ద బటన్ నొక్కింది.

ఏమీ జరగలేదు.

ఆవిడ ఒక కన్ను తెరిచి తాతాజీని చూసింది. తాతాజీకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ క్షణంలో, మూత తీయకుండానే లోపలంతా కనబడింది అతనికి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆ రెండు బియ్యపుగింజలు తప్ప. దీని సూదులకి దాన్ని, దాని సూదులకి దీన్ని పెట్టాడు. మూత తీసి మార్చడానికి రెండు నిమిషాలు చాలు. కాని ఇంతమంది ఎదురుగా, ఇంత పసుపు రాశాక మూత తీస్తే, రేపు తన కొట్టు గడప ఎవరు తొక్కుతారు? పురోహితుడు మంత్రాన్ని సాగదీస్తున్నాడు. అది కూడా ఎంతకని సాగుతుంది.

"అది కాదండీ," అన్నాడు తాతాజీ, తన గొంతే తనకి కొత్తగా వినబడుతుండగా. "ఈ మోడల్‌కి ఆ కింద చిన్నది నొక్కాలండి."

ఆవిడ చిన్నది నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది, కొబ్బరికాయ పగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. మంగతాయారు గారు ఆ చిన్న బటన్‌కి కుంకుమ బొట్టు పెట్టి, చేమంతి పువ్వొకటి దూర్చింది. ఊరందరికీ పెద్ద బటన్ మోడలే దొరికితే తనకి చిన్న బటన్ మోడల్ దొరికిందని ఆ పూటే పదిమందికి చెప్పింది. చీరల కొట్టాయన తాతాజీని పక్కకు పిలిచి, తనక్కూడా చిన్న బటన్‌దే కావాలని చెవిలో చెప్పాడు.

సాయంత్రం గురువు గారు ఒకే ఒక్క మాట అడిగారు, ఒక్క నొక్కుకే వెలిగిందా అని. పెద్ద బటన్‌ని లెక్కలోకి తీసుకోకూడదని దారిపొడుగునా తనకి తాను నచ్చజెప్పుకుంటూ వచ్చిన తాతాజీ, ఒక్క నొక్కుకేనండీ అన్నాడు. ఆచారి గారు "అలాగా" అని, కొట్టు సంగతి నెలాఖరుకి చూద్దామన్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే తాతాజీ ఈపాటికి పెద్దమనిషి అయిపోయేవాడు. కాని వైర్లు మారాయి కదా, చిన్న బటన్ మిషన్‌ని లేపుతుంటే, పెద్ద బటన్ నడుస్తున్న మిషన్‌ని ఉన్నపళంగా మళ్లీ మొదటికి తెస్తుంది. మంగతాయారు గారికి రోజూ మధ్యాహ్నం ఆ బటన్ దగ్గర పువ్వు మార్చడం అలవాటైంది. పువ్వు దూర్చేటప్పుడు ఆవిడ బొటనవేలు పైనున్న పెద్ద బటన్ మీద ఆనుతుంది. చిట్టెమ్మ రెండు గంటలు కూర్చుని చేసిన బ్యానర్ కళ్ల ముందే మాయమైపోతుంది. అలా ఒక పుట్టినరోజు పోయింది, ఒక గృహప్రవేశం పోయింది, మూడోసారి ఎవరిదో సంతాపం కూడా పోయింది. ముహూర్తం మంచిది, మిషన్ మంచిది, ఇక చెడ్డది చిట్టెమ్మ చెయ్యే అయి ఉండాలని మంగతాయారు గారు తేల్చింది. వచ్చే వారం నుంచి వేరే మనిషిని చూసుకుంటానంది.

ఈ కబురు టీ కొట్టు దగ్గర తాతాజీ చెవిన పడింది. టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. చిట్టెమ్మ తనకి చుట్టమూ కాదు, స్నేహమూ లేదు. అయినా తను దాచిన తప్పు ఆవిడ నెత్తిన కూర్చుందని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. దుమ్ము దులిపే వంకతో వెళ్లి, ఎవరూ చూడకుండా వైర్లు మార్చేసి వచ్చేద్దామనుకున్నాడు.

మర్నాడు మంగళవారం స్క్రూడ్రైవర్‌తో వెళ్లాడు. మంగతాయారు గారు కేబినెట్‌కి అడ్డంగా నిలబడింది. బొట్టు పెట్టిన మిషన్‌ని విప్పనివ్వనంది. దుమ్ముంటే పైపైన తుడిచి పొమ్మంది. తాతాజీ కాసేపు స్క్రూడ్రైవర్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మూలన చిట్టెమ్మ తన టిఫిన్ డబ్బా, గొడుగు సంచిలో సర్దుకుంటోంది.

"అది కొత్త మోడలు కాదండీ, నా తప్పండి. రెండు వైర్లు తారుమారు చేశాను. ఆ రోజు అందరి ముందూ చెప్పలేక చిన్నది నొక్కమన్నాను. ఈవిడ చేతిలో ఏ దోషమూ లేదండి."

మంగతాయారు గారు తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. చిన్న బటన్ మీది బొట్టు వంక చూసి, అయితే ఆ రోజు ముహూర్తం తగిలినట్టా తగలనట్టా అని అడిగింది. ఆ శాస్త్రం తాతాజీకి తెలియదు. ఆవిడ అప్పటికప్పుడు పురోహితుడికి ఫోను చేసింది. ఆయన పంచాంగం తిరగేసి, ముహూర్తం పెట్టింది మిషన్‌కే గాని బటన్‌కి కాదని, అందుచేత భయం లేదని చెప్పాడు. ఐతే దోషం దిద్దడానికి శుక్రవారం తొమ్మిది పన్నెండుకి వేళ బాగుందని, ముహూర్తం నాడు చూసినవాళ్లంతా అప్పుడు కూడా చూడటం మంచిదని అన్నాడు.

మధ్యలో మిగిలిన రెండు రోజులూ తాతాజీ గురువు గారి ఎదుట తలొంచుకుని స్క్రూలు తిప్పాడు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ టీ తెమ్మంటారా అని అడిగాడు. ఆయన రెండుసార్లూ తెమ్మన్నారు.

శుక్రవారం అదే దుకాణం, అదే జనం, అవే నిమ్మకాయల్లాంటి నిమ్మకాయలు. చీరల కొట్టాయన ముందు వరసలో నిలబడ్డాడు. సంకల్పంలో కారణం చెప్పాలి కాబట్టి పురోహితుడు తాతాజీ గోత్రం, పేరు అడిగి, "వైరు ద్వయ విపర్యాస దోష పరిహారార్థం" అని గొంతెత్తి చదివాడు. సంస్కృతం రానివాళ్లు అదేమిటని గుసగుసలాడుతుంటే, తెలుగులో చెప్పే పని తాతాజీ మీద పడింది. చెప్పాడు. ఏదీ మిగల్చకుండా చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. చీరల కొట్టాయన మొహం వేలాడేసుకున్నాడు. తాతాజీ మూత తీసి, జేబులోంచి భూతద్దం తీసి, రెండు ప్లగ్గులనీ పీకి వాటి వాటి చోట గుచ్చాడు. అరనిమిషం పట్టింది. మంగతాయారు గారు పెద్ద బటన్ నొక్కితే తెర వెలిగింది. ఆవిడ కుంకుమ బొట్టు ఈసారి ఏ బటన్‌కీ పెట్టకుండా చిట్టెమ్మకి పెట్టి, కూర్చుని పని చూసుకోమంది. చిట్టెమ్మ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి బల్ల కింద పెట్టుకుంది. తాతాజీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తేలికదనం గురువు గారి కొట్టు మెట్లెక్కే దాకానే ఉంది. నాలుగేళ్ల కష్టం ఈ పూటతో తుడిచిపెట్టుకు పోయిందని అతనికి తెలుసు. ఒక్క నొక్కుకే వెలగలేదు సరే, వెలిగిందని ఆయన మొహం మీదే చెప్పాడు. కబురు ముందే వచ్చి ఉంటుంది, అయినా తన నోటితో చెప్పాలి. ఆచారి గారు ఒక బోర్డు ముందు వేసుకుని కూర్చున్నారు. తాతాజీ నిలబడే అంతా చెప్పాడు. మంచం కింది ఫ్లెక్సు సంగతి కూడా చెప్పేశాడు. అంతా విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎన్ని రోజులు దాచావు?"

"పదహారు రోజులండీ."

"పదహారేనా," అన్నారు ఆచారి గారు. జోడు మళ్లీ పెట్టుకుని బోర్డు మీదికి వంగారు. "నా తప్పు నేను చెబుదామనుకునేలోపే మా గురువు గారు పోయారు. నువ్వు కొట్టుకి మంచి రోజు చూసుకో."