బాటమ్మ తల్లి వ్రతము: విశాలాక్షి లారీలు పంపిన కథ

పూర్వము గోదావరీ తీరమున సువ్రతుడను ముని దీర్ఘదర్శి మహర్షిని దర్శించి, కలియుగమున ఇల్లు విడిచి దూరదేశములకు సరకులు మోయువారు క్షేమముగా తిరిగివచ్చుటకు వ్రతమేదైనను కలదా యని అడిగెను. మహర్షి కొంతసేపు కనులు మూసికొని, బాటమ్మ తల్లి వ్రతమొకటి కలదనియు, దానిని పట్టి, విడిచి, మరల పట్టిన యొక స్త్రీ కథ వినుమనియు ఇట్లు చెప్పసాగెను.

కృష్ణాతీరమున బెజవాడ ఆటోనగరులో విశాలాక్షి యను ఇల్లాలు ఉండెను. ఆమె తండ్రి లారీ బ్రోకరు. సరకు గలవారికి లారీని, లారీ గలవారికి సరకును కుదుర్చుట ఆయన వృత్తి. కంప్యూటరు చదువు చదివిన విశాలాక్షి ఆ పనినే సెల్‌ఫోను యాప్‌గా మలచి కంపెనీ పెట్టెను. కాని కొత్తదని ఆమెను నమ్మి లారీ పంపువారు లేకపోయిరి.

ఒకనాడు ఆమె హైవే ప్రక్కన దిగులుగా నిలిచియుండగా, లారీలకు కట్టు నిమ్మకాయలు గుచ్చుచున్న ముదుసలి యొకతె దగ్గరకు పిలిచెను.

"బండి పంపేముందు డ్రైవర్ని పేరుపెట్టి పిలువమ్మా. తిన్నావా, నిద్రపోయావా అని నీ నోటితో అడుగు. లేదన్నాడా, బండి కదలనీకు. బాటమ్మకి అంతకు మించిన పూజ లేదు" అనెను.

విశాలాక్షి నమస్కరించి తలయెత్తునప్పటికి ముదుసలి కానరాలేదు.

నాటినుండి ఆమె శుక్రవారము నాడు కలశముంచి బాటమ్మను పూజించి, లారీ చక్రములకు పసుపు కుంకుమలు పెట్టి, డ్రైవరుకు దద్ధ్యోజనము పొట్లము కట్టి ఇచ్చెను. ఏ దినమైనను ప్రతివానిని పేరున పిలిచి అడిగిన తరువాతనే బండి కదలనిచ్చెను. ఆ మాట దాబాలన్నిట ప్రాకెను. డ్రైవర్లు తమంతట తాము వచ్చి చేరిరి. అచిరకాలముననే కంపెనీ దేశమంతట వ్యాపించెను.

సంపద పెరిగిన కొలది తీరిక తరిగెను. ఇందరిని పిలుచుట ఎట్లని తలచి, విశాలాక్షి ఆ ప్రశ్నను యంత్రమునకు అప్పగించెను. భోజనము, నిద్ర అయినచో ఒకటి నొక్కుమని రికార్డు చేసిన గొంతు పలుకును. నొక్కనివాని పేరు యాప్ జాబితాలో అడుగునకు దిగిపోవును. వానికి మరల లోడు దొరకుట కష్టము. ఇది వ్రతభంగమని ఆమెకు తోచలేదు. అడుగుచునే యున్నాము కదా యనుకొనెను.

సిక్కోలు వాడైన పోలినాయుడు తొలినుండి ఆమె లోడ్లు తోలినవాడు. ఒక వేసవిని వాడు జ్వరముతో కాగుచుండియు ఒకటి నొక్కి, నూజివీడు మామిడికాయలతో బయలుదేరెను. ఘాట్‌రోడ్డు మలుపున కనులు మూతలు పడెను. లారీ లోయవైపు ఒరిగి పడెను. ప్రాణము దక్కెను గాని కుడికాలు తీసివేసిరి.

విశాలాక్షి ఆసుపత్రికి పరుగున పోయి, కంట నీరు పెట్టుకొనియు, "ఒంట్లో బాగాలేకపోతే ఒకటెందుకు నొక్కావయ్యా?" అని అడిగెను.

"మరేటి నొక్కమంతారమ్మా? జొరమని సెప్పడానికి అందల నంబరు నేదు" అని వాడు మెల్లగా పలికెను.

వాని భార్య సన్యాసమ్మ ముఖము త్రిప్పుకొని, "తవరు అడిగుంటే సెప్పీవోడే తల్లీ" అనెను.

ఆ సంగతి తెలిసి డ్రైవర్లు ఒక్కొక్కరుగా ఆమె యాప్‌ను విడిచిపోయిరి. సరకులు గోదాములలో మురిగెను. కంపెనీ మూతపడు స్థితి వచ్చెను.

అప్పుడామె మరల కలశముంచి వ్రతము పట్టెను. లోడు వెదకుట యంత్రమునకే విడిచి, మనిషిని అడుగుట మనుషులకు అప్పగించెను. కాదన్నవాని పేరు దిగజారకుండ యాప్‌ను మార్చెను. కోలుకొనిన పోలినాయుని బ్రతిమాలి ఆ పనికి పెద్దగా నియమించెను. వాడు ఆగుమన్న బండిని కదల్చు అధికారము తనకును లేకుండ చేసికొనెను.

త్వరలోనే పరీక్ష వచ్చెను. మిగిలియున్న ఒకే పెద్ద వ్యాపారి రొయ్యల లోడు వెంటనే కదలవలెనని పట్టుబట్టెను. డ్రైవరుకు నిద్ర లేదని పోలినాయుడు ఆపెను. వేరొక డ్రైవరు లేడు.

"ఐసు కరిగిపోతోందండీ! మీకు మనిషి ముఖ్యమా, మాట ముఖ్యమా?" అని వ్యాపారి ఫోనులో కేకలు వేసెను.

"మనిషేనండీ" అని విశాలాక్షి చెప్పెను. మాట మార్చలేదు. రొయ్యలు పాడయ్యెను. వ్యాపారి విడిచిపోయెను. కాని ఆ వార్త విని పాత డ్రైవర్లు తిరిగి వచ్చిరి. వారి వెంట సరకులును వచ్చెను. పోయిన సంపద మెల్లగా చేరెను.

ఇది విని సువ్రతుడు, తల్లి ఇంత కరుణించి పోలినాయుని కాలెందుకు తిరిగి ఇవ్వలేదని అడిగెను. మహర్షి, ఆ కాలు తీసినది తల్లి కాదు గనుక తిరిగి ఇచ్చుట ఆమె చేతిలో లేదనియు, కొన్నిటికి వ్రతఫలము లేదనియు, అందుకే వ్రతమును ముందుగా చేయవలెననియు చెప్పెను.

ఈ వ్రతమును బండ్లు పంపువారు, నడుపువారు, వారి ఇల్లాండ్రు, ఇతరుల శ్రమమీద బ్రతుకు వారెల్లరు ఆచరింపవలెను. ఆచరించినవారికి తోడు విడువని పనివారును, కలత లేని నిద్రయు కలుగును. ఈ కథ వినిన ప్రతి ఇంట, దూరము పోయినవారి చెప్పులు తెల్లవారునప్పటికి గడప దగ్గర కనబడుగాక.